నీలం మూత

ఎనిమిదిన్నరకల్లా బావను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తామన్నారు. సాయంత్రం నాలుగింటికి బయటికి తెచ్చేసరికి ఆయన గొంతులో స్వరపేటిక ఉండదు. ఆ తర్వాత ఆయన పలకాలంటే, రిపేరు షాపులో ఇంజినీరు ముందున్న ఈ ముసలి ల్యాప్‌టాప్ పలకాలి. అదేమో ఏడింటికి బటన్ నొక్కితే ఏడూ ఆరుకి కళ్ళు తెరిచింది. తెరిచి, అప్‌డేట్లు చేసుకుంటాను కాస్త ఆగమంది.

"నీకేం తల్లీ, ఎంతసేపైనా ఆగమంటావు" అన్నాడు ఇంజినీరు పళ్ళు కొరుకుతూ.

ఇంజినీరు అంటే చదివిన ఇంజినీరు కాదు. ఆ పేరు బావ పెట్టింది. అక్క పెళ్ళయిన కొత్తలో వాళ్ళింట్లో మూగబోయిన టేప్‌రికార్డర్ విప్పి బిగిస్తే నాలుగు మరలు మిగిలాయి. టేప్‌రికార్డర్ మాత్రం పాడింది. "నాలుగు మరలు ఆదా చేశావు, నువ్వు ఉత్త మెకానిక్కువి కాదోయ్, ఇంజినీరువి" అన్నాడు బావ. ఆ మాట ఇల్లు దాటి, వీధిన పడి, చివరికి షాపు బోర్డు మీదికెక్కి కూర్చుంది. ఇప్పుడు అతని అసలు పేరు కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ తెలియదు.

బావకి కూడా అలాంటి పేరే ఒకటుంది. బస్ స్టేషన్‌లో అనౌన్సరు కాబట్టి డ్రైవర్లందరూ ఆయన్ని మైకు అంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి మూడో కౌంటర్ దగ్గర ఏడుస్తోందో ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్న గొంతు అది. సరిగ్గా ఆ గొంతులోనే గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే గొంతు వదులుకోవాలని డాక్టరు నెల రోజుల క్రితం తేల్చేశాడు. "ప్రాణం ఇవ్వండి చాలు, మిగతాది మేం సర్దుకుంటాం" అంది అక్క. అనేసి, బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది.

అప్పుడు ఇంజినీరే ఒక ఉపాయం చెప్పాడు. రోజూ అవసరమయ్యే మాటలన్నీ ముందుగానే రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో బటన్లుగా పెడితే, ఏది నొక్కితే ఆ మాట బావ గొంతులోనే వస్తుంది. బావ ఎగిరి గంతేశాడు. ఫోన్‌లో రికార్డు చేద్దామంటే మాత్రం ససేమిరా అన్నాడు. "ఫోన్‌లో నా గొంతు దోమ పాడినట్టుంటుందోయ్" అని, బస్ స్టేషన్‌లో మూలపడ్డ పాత మైకు తెప్పించుకుని, అన్నిటికంటే పై క్వాలిటీ పెట్టమని పట్టుబట్టాడు. రెండు ముక్కల మాటకి అయిదు ఎంబీల ఫైలు తయారవుతుంటే ఇంజినీరు నెత్తి కొట్టుకున్నాడు. "ఇంత లావు ఫైళ్ళెందుకు బావా?" అంటే, "నా గొంతు సన్నంగా ఉంటుందా?" అన్నాడాయన.

మొదటి రోజు "నీళ్ళు కావాలి"తో మొదలుపెట్టబోతుంటే అక్క ఆపింది.

"ఆ నీళ్ళూ మందులూ తర్వాత. ముందు గుమ్మంలో పిలుస్తారు చూడండి, అది చెప్పండి" అంది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ బావ రోజూ వేసే కేక ఒక్కటే. "ఏమోయ్, వచ్చేశా!" ఇరవై రెండేళ్ళుగా ఆ కేక వినపడ్డాకే అక్క స్టవ్ మీద టీగిన్నె పెడుతుంది. మైకు ముందు అది చెప్పమనేసరికి ఊరందరితో మాట్లాడిన మనిషి సిగ్గుపడిపోయాడు. మూడుసార్లు చెప్పి మూడోది ఉంచాడు. అది ఒకటో నంబరు ఫైలయింది.

"ఏది పోయినా నాకు ఫర్వాలేదురా, అది మాత్రం జాగ్రత్త" అంది అక్క తమ్ముడితో.

మూడు వారాల్లో నాలుగువందల పన్నెండు మాటలయ్యాయి. చివరి పది గొంతులా లేవు, ఊపిరిలా ఉన్నాయి. ఆ తర్వాత బావ గొంతు మళ్ళీ లేవలేదు. వారం రోజులుగా సైగలతోనే గడుపుతున్నాడు. అంటే, ఆ ఫైళ్ళు పోతే మళ్ళీ చెప్పించుకునే దారి లేదు. పాత పెళ్ళి వీడియోలున్నాయి గానీ, వాటిలో అందరూ ఒకేసారి మాట్లాడతారు, పైగా బ్యాండొకటి.

చిక్కంతా ల్యాప్‌టాప్‌తో వచ్చింది. బటన్ నొక్కితే మాట వచ్చేసరికి పాతిక సెకన్లు. "నొప్పిగా ఉంది" అని ఇప్పుడు నొక్కితే, నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళాక పలుకుతుంది. దానికున్న రెండు జీబీల ర్యామ్‌కి అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ మోయలేని బరువు. అది పీకేసి తేలిక రకం లైనక్స్ ఒకటి వేస్తే పరుగెడుతుందని ఇంజినీరుకి తెలుసు. వారం నుంచీ తెలుసు. ఇదిగో అదిగో అంటూ ఆపరేషన్ రోజు దాకా లాక్కొచ్చాడు, ఆ మాట ఎవరైనా అడిగితే కోపం కూడా వస్తోంది.

నిన్న సాయంత్రం అక్క ఇంట్లోనే కూర్చుని నాలుగువందల పన్నెండు ఫైళ్ళనూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. పక్కన ఇంకో పెన్‌డ్రైవ్, షాపుది, ఈ ఉదయం లైనక్స్ ఎక్కించడానికి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, పదహారు జీబీలు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

ఇక్కడ షాపు పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఇంజినీరు సొరుగులో అరవై డెబ్భై పెన్‌డ్రైవ్‌లుంటాయి. వాటి ఒంటి రంగు అతను చూడడు, మూత ఒక్కటే చూస్తాడు. ఎర్ర మూత ఉందంటే లోపల ఎవరివో ఫైళ్ళున్నాయి, చెయ్యి పెట్టకూడదు. నీలం మూతంటే షాపుది, ఎప్పుడైనా చెరిపేయొచ్చు. దేనిలో ఏం పెడితే దానికి తగ్గ మూత మార్చేస్తాడు. తొమ్మిదేళ్ళలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు. అలాగే నిన్న కూడా బావ గొంతున్న నీలం డ్రైవ్‌కి ఎర్ర మూత, షాపు ఎర్ర డ్రైవ్‌కి నీలం మూత పెట్టి, బల్ల మీద ఉంచి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.

అక్క సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. డబ్బాకి దాని మూతే ఉండాలి, సాక్సుకి దాని జతే ఉండాలి. మనసు బాగోలేనప్పుడు అది ఇంకాస్త ముదురుతుంది. అతను తిరిగొచ్చేసరికి ఆవిడ ఆసుపత్రి సంచీ ఒకవైపు, ల్యాప్‌టాప్ సంచీ ఒకవైపు సర్దేసి, ఖాళీ బల్లను గుడ్డతో తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

"ఇక చాల్లే అక్కా, బల్ల అరిగిపోతుంది" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అతను సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు.

ఉదయం షాపు షట్టర్ సగమే ఎత్తి, లోపల లైటు వేసుకుని కూర్చున్నాడు. గోడ మీద అతని చేతిరాతతోనే ఒక అట్ట వేలాడుతోంది. 'మీ ఫైళ్ళు రెండు చోట్ల దాచుకోండి. పోయాక నా దగ్గర ఏడవకండి.' దానికింద కూర్చునే లైనక్స్ ఇమేజ్, అంటే దాన్ని ఎక్కించే ఫైలు, దింపాడు. ఏడు వందల ఎంబీలు. మధ్యలో ఎక్కడైనా పాడైందేమోనని సరిచూశాడు, బాగానే ఉంది. సంచీ జిప్పు లాగి, లోపల చెయ్యి పెట్టి, నీలం మూతది తీశాడు. మూత ఊడదీసి డ్రైవ్‌ను షాపు కంప్యూటర్‌కి గుచ్చాడు.

రాసే ప్రోగ్రామ్ తెరిచాడు. ఇమేజ్ చూపించాడు. ఎక్కడ రాయాలంటే, పదహారు జీబీల డ్రైవ్ ఒక్కటే కనిపించింది. అది ఎంచాడు. మామూలుగా అయితే ఈ చోట ఒక్కసారి డ్రైవ్ తెరిచి లోపలేముందో చూస్తాడు. చూసేవాడే, ఫోన్ మోగింది.

"తీసుకెళ్ళిపోయారురా" అంది అక్క. "తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయారు. నోరు కదిలింది, ఒక్క ముక్క బయటికి రాలేదు. ఏం చెప్పబోయారో ఏమో."

"ఏముంటుంది అక్కా, భయపడకని చెప్పుంటారు."

"నువ్వు తొందరగా కానివ్వరా. లేచేసరికి అది మంచం పక్కనుండాలి. ఒకటో నంబరు ఉందిగా?"

"ఉంది, ఉంది. నువ్వు కూర్చో. ఏమైనా తిన్నావా?"

భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఆ మాటంటూనే ముందున్న హెచ్చరికకి అవును కొట్టాడు. ఈ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కొనసాగించాలా? రోజుకి పదిసార్లు కొట్టే అవునే. పచ్చ గీత నెమ్మదిగా కుడివైపుకి పాకడం మొదలుపెట్టింది. అక్క ఇంకేదో చెబుతోంది, అతను ఊఁ కొడుతున్నాడు. ఆరు నిమిషాల్లో గీత చివరిదాకా వెళ్ళింది.

అప్పటికింకా మించిపోలేదు. ల్యాప్‌టాప్‌లో అసలు ఫైళ్ళు అలాగే ఉన్నాయి. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ పని బాగా వచ్చినవాడి చేతులు ఆగవు కదా. డ్రైవ్ తీసి ల్యాప్‌టాప్‌కి గుచ్చి, ఆన్ చేస్తూనే మీట పట్టుకుని, పెన్‌డ్రైవ్ నుంచి మొదలయ్యేలా చేశాడు. ఎక్కడ వేయమంటావని అడిగింది. మొత్తం డిస్క్ చెరిపి వేయమన్నాడు. నిజంగానేనా అంది. నిజంగానే అన్నాడు.

పన్నెండు నిమిషాలు. డ్రైవ్ ఊడబీకి, ల్యాప్‌టాప్ మళ్ళీ ఆన్ చేసి చేతిగడియారం చూసుకున్నాడు. పంతొమ్మిది సెకన్లు! "ఓరి నీ దుంపతెగా!" అని పైకే అనేశాడు. పదేళ్ళ ముసలిది కుర్రదానిలా లేచి కూర్చుంది. గర్వంగా కాళ్ళు బారచాపి, ఒక్క గుక్క నీళ్ళు తాగి, సంచీలోంచి ఎర్ర మూతది తీసి గుచ్చాడు.

లోపల ప్రింటర్ డ్రైవర్లున్నాయి. ఎవరిదో అద్దె ఒప్పందం నమూనా ఉంది. రెండేళ్ళ క్రితం తను దింపుకున్న హాస్య వీడియోలున్నాయి.

వేరేది గుచ్చానేమో అనుకున్నాడు. సంచీ బోర్లించాడు. చార్జరు, మౌసు, ఓ నలిగిన రసీదు పడ్డాయి. బల్ల మీద ఎర్ర మూతా, నీలం మూతా పక్కపక్కన ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కున్న డ్రైవ్ ఎర్రది. బల్ల మీదున్నది నీలం. తొమ్మిదేళ్ళలో మొదటిసారి డ్రైవ్‌ల ఒంటి రంగు చూశాడు.

ఫోన్ తీశాడు.

"అక్కా, నిన్న ఆ పెన్‌డ్రైవ్‌లు ఏమైనా ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంటి, రెండిటికీ మూతలు తారుమారుగా పెట్టేసుకున్నావు. ఎర్రదానికి నీలం, నీలానికి ఎరుపు. చూడలేక సరిచేసి పెట్టాను" అంది అక్క. "ఏంరా? ఏమైనా అయిందా?" అని అడిగింది.

ఆవిడ వెనక ఆసుపత్రి కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఎవరో దగ్గుతున్నారు.

"ఏం కాలేదు. ఊరికే అడిగాను" అన్నాడు.

ఫోన్ పెట్టేసి షట్టర్ పూర్తిగా కిందికి దించేశాడు. రెండు చేతులతో తల పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఈపాటికి అక్కడ కత్తి పెట్టేసి ఉంటారు. ఇక్కడ తను అంతకంటే ముందే కోసేశాడు. అట్ట మీద సొంత చేతిరాత కళ్ళబడింది, లేచి దాన్ని పీకి మూలకి విసిరికొట్టాడు.

చివరికి మేడమ్ గుర్తొచ్చింది. అతనికి ఈ విద్య నేర్పిన కంప్యూటర్ సెంటర్ మేడమ్. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటూ మొక్కలు పెంచుకుంటోంది. ఫోన్ ఎత్తగానే అతను ఏడుస్తూనే గడగడా మొత్తం చెప్పేశాడు.

"ముందు ఏడుపాపు" అంది మేడమ్. "ఆ డ్రైవ్ ఇప్పుడెక్కడుంది?"

"బల్ల మీద."

"అక్కడే ఉండనీ. దానిమీద ఇంక ఒక్క అక్షరం రాశావంటే చూడు. ల్యాప్‌టాప్‌లో డిస్క్ ఏ రకం?"

"ఎస్‌ఎస్‌డీ. పోయినేడు నేనే వేశాను."

"అయితే దాని మీద ఆశ వదిలెయ్. అవి ఫార్మాట్ చేయగానే ఇల్లంతా ఊడ్చి కడిగేసుకుంటాయి. పెన్‌డ్రైవ్‌కి అంత శుభ్రత లేదు, అదే మన అదృష్టం. ఎంత ఇమేజ్ రాశావు?"

"ఏడు వందల ఎంబీలు. తేలిక రకం."

"ఫైళ్ళన్నీ కలిపి ఎంత?"

"రెండు జీబీల పైనే మేడమ్. మా బావ పెద్ద క్వాలిటీ కావాలని చంపుకుతిన్నాడు."

అవతల నీళ్ళ పైపు కట్టేసిన చప్పుడైంది.

"మీ బావకి దణ్ణం పెట్టు" అంది మేడమ్. "అదే బరువైన సిస్టమ్ రాసుంటే మొత్తం తొక్కుకుంటూ పోయేది. నువ్వు మొదటి ఏడువందలే తొక్కావు. దాని వెనకాలవి అక్కడే పడున్నాయి, పేర్లు మాత్రం పోయుంటాయి. ముందు డ్రైవ్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా కాపీ తీసుకో, ఆ కాపీలో వెతుకు. అసలుదాన్ని ముట్టుకోకు. సరేనా?"

"మరి మొదటివి మేడమ్?"

"మొదటివి మర్చిపో నాయనా."

మొదటివి! పదకొండింటికి కాపీ అయింది. ఆడియో ఫైళ్ళను వెతికి బయటికి లాగే ప్రోగ్రామ్ పెట్టి, తెరకి మొహం ఆనించి కూర్చున్నాడు. సున్నా. చాలాసేపు సున్నా. రాసిన భాగం దాటేదాకా ఏమీ రాదని తెలిసీ గిలగిలలాడాడు. తర్వాత ఒకటి వచ్చింది. తర్వాత నాలుగు. ఆ పైన గబగబా పెరిగి రెండువందల డెబ్భై ఒకటి దగ్గర ఆగింది. ఎంత చూసినా ఇంకొక్కటి పెరగలేదు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటిది నొక్కాడు. ప్రయాణికులకు మనవి, అంటూ బావ గొంతు చెవుల్లో గుప్పుమంది. నిండుగా, నిదానంగా, అసలేమీ జరగనట్టు. ఇంజినీరు భోరుమన్నాడు. మూసిన షట్టర్ వెనక, ఎవరూ చూడరు గనక, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

అయితే పేర్లు లేవు, వట్టి నంబర్లు. ఏది ఏమిటో తెలియాలంటే ఒక్కొక్కటీ వినాలి. విన్నాడు. ఎదురింటివాళ్ళ పలకరింపు ఉంది. ఫోనెత్తితే చెప్పే మాట ఉంది. కూరగాయలు ఏరుకునేటప్పుడు చెప్పే చాదస్తాలున్నాయి. మధ్యమధ్యలో సరదాకి రికార్డు చేసిన బస్సుల అనౌన్స్‌మెంట్లు ఉన్నాయి. నూట తొంభై ఆరోది నొక్కగానే "ఏమోయ్" అని వినిపించింది. ఇంజినీరు స్టూలు మీంచి లేచిపోయాడు. "ఏమోయ్ ఇంజినీరూ, ఈ డొక్కునింకా ఎన్నాళ్ళు బాగుచేస్తావోయ్" అని పూర్తయింది అది. మళ్ళీ కూర్చున్నాడు.

ఒంటిగంట దాటేసరికి మొత్తం వినేశాడు. పోయినవి నూట నలభై ఒకటి. నీళ్ళు పోయాయి, నొప్పి పోయింది, మంచం ఎత్తమనడం పోయింది. వాటికి కాగితం మీద రాసినా సరిపోతుంది. ఒకటో నంబరు పోయింది.

మిగిలినవాటిని ల్యాప్‌టాప్‌లో పెట్టి, వేరే రెండు చోట్ల దాచి, మూడున్నరకి ఆసుపత్రికి చేరాడు. వెయిటింగ్ హాల్లో అక్క నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోదు. నాలుగూ పదికి డాక్టరు బయటికొచ్చి, గడ్డ మొత్తం తీసేశామనీ, రేపు పొద్దున తెలివొస్తుందనీ చెప్పాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. తమ్ముడి భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. దాదాపు ఎనిమిది గంటల తర్వాత అప్పుడు కుర్చీలో కూర్చుంది.

"ఏదీ, తీయ్ దాన్ని. ఒకటో నంబరు పెట్టు. ఒక్కసారి వింటాను."

అతను సంచీ జిప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అక్కా, తొందరలో నేను తప్పు డ్రైవ్ మీద రాసేశాను. చాలావరకు తిరిగొచ్చాయి. మొదట్లోవి కొన్ని రాలేదు."

"కొన్నంటే?"

"నూట నలభై."

"ఒకటోది?"

తలొంచుకున్నాడు. హాల్లో మైకు వెనక ఎవరో కొత్తమ్మాయి ఎవరి టోకెన్ నంబరో పిలుస్తోంది, ముక్కులోంచి.

"పొద్దున మూతల సంగతి అడిగావు" అంది అక్క నెమ్మదిగా.

"అది ఊరికే. దానికీ దీనికీ సంబంధం లేదు. నేనే చూసుకోలేదు."

"నీకు చిన్నప్పట్నించీ అబద్ధం రాదురా" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అతనికనిపించింది. ఆవిడ తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, అవి వేరేవాళ్ళవైనట్టు చూసుకుంటూ కూర్చుంది. "జాగ్రత్త అని నేనే చెప్పాను. నేనే తుడిచేశాను."

"రాసింది నేను అక్కా. ఒక్కసారి తెరిచి చూసుంటే..."

"ఊరుకో ఇంక" అంది. ఆ సాయంత్రం ఆవిడ మరి మాట్లాడలేదు.

మర్నాడు బావకి తెలివొచ్చింది. మెడ చుట్టూ కట్టు, మధ్యలో చిన్న గొట్టం. మూడో రోజు వార్డులోకి మార్చారు. అక్క మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళిన సమయం చూసి, ఇంజినీరు మంచం పక్కన స్టూలు వేసుకుని మొత్తం చెప్పేశాడు. మూతలతో సహా చెప్పాడు, దాచే ఓపిక లేదు. బావ విని, పలక తీసుకుని రాశాడు. 'ఎన్ని?'

"నూట నలభై ఒకటి బావా."

'మీ అక్క?'

"మూడు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నామీద కాదు, తన మీదే కోపం. టీ కూడా తాగడం లేదు."

బావ కళ్ళు మూసుకున్నాడు. తిడతాడేమో అనుకున్నాడు ఇంజినీరు, పలక మీదైనా సరే. కళ్ళు తెరిచి, ల్యాప్‌టాప్ వైపు వేలు చూపించి, చెవుల మీద రెండు చేతులూ పెట్టి చూపించాడు. హెడ్‌ఫోన్.

పంతొమ్మిది సెకన్లలో లేచింది అది. బావ ఒక్కొక్కటే నొక్కుతూ వింటున్నాడు. కొన్నిచోట్ల నవ్వు మొహం, కొన్నిచోట్ల తన ఉచ్చారణ తనకే నచ్చనట్టు చిట్లింపు. తర్వాత ఒకేదాన్ని పదేపదే నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కుతాడు, ఆపుతాడు. వెనక్కి జరుపుతాడు, నొక్కుతాడు, ఆపుతాడు. ఇంకోదాన్ని తెరిచి దాన్ని చివరికంటా జరుపుతాడు. మళ్ళీ మొదటిదానికి వస్తాడు. నుదుట చెమట పట్టింది. "ఏమైంది బావా, సరిగ్గా పలకడం లేదా?" అని ఇంజినీరు లేవబోతే, విసుగ్గా చేత్తో వెళ్ళిపొమ్మన్నాడు. ఇరవై ఆరేళ్ళు మైకు బటన్ నొక్కిన వేలు అది. దానికేం కావాలో ఇంజినీరుకి అర్థం కాలేదు.

అక్క వచ్చింది. మందులు బల్ల మీద వరసగా పేర్చి, సీసాల మూతల మీదికి చెయ్యి పోబోయి ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసేసుకుని, కిటికీవైపు తిరిగి నిలబడింది.

బావ హెడ్‌ఫోన్ తీగ ఊడలాగాడు. వేలితో మీట నొక్కాడు.

"ఏమోయ్" అంది ల్యాప్‌టాప్, వార్డంతా వినపడేలా. ఇంజినీరు పేరు దాకా వెళ్ళకముందే, సరిగ్గా అక్కడ తెగ్గొట్టాడు.

అక్క గిరుక్కున తిరిగింది.

బావ వేలు రెండోదాని మీద పడింది. సాయంత్రం బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికో రావడం గురించిన అనౌన్స్‌మెంట్ అది. దాని చివరి ముక్క ఒక్కటే, గంభీరంగా, పూర్తి ప్రభుత్వ మర్యాదతో పలికింది.

"వచ్చియున్నది."

పక్క మంచం ఆయన ఫక్కున నవ్వాడు. అక్క నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. బావ కనుబొమ్మలెగరేసి, వినపడలేదా అన్నట్టు మళ్ళీ వరసగా రెండూ నొక్కాడు. ఏమోయ్, వచ్చియున్నది.

"వచ్చారు, వినపడింది. ఎంతసేపండీ రావడానికి!" అంది అక్క ఏడుస్తూనే. చీర చెంగుతో మొహం తుడుచుకుని, గబగబా నాలుగడుగులు వేసి, వార్డు మధ్యలో ఆగి అటూ ఇటూ చూసింది.

"ఎక్కడికక్కా?" అన్నాడు ఇంజినీరు.

"టీ పెట్టడానికిరా" అంది. అక్కడ స్టవ్ లేదన్న సంగతి ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది.